ఆకు పొరల మధ్య కాపురం

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ డాబా మీదికెక్కినా నాలుగు కుండీల్లో టమాటా మొక్కలుంటాయి. ఓ పొద్దున వాటి ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనిపిస్తాయి, పిల్లలెవరో పెన్నుతో గీసినట్టు. ఇంటివాళ్లు కంగారుపడి మందు కొడతారు. రెండ్రోజులాగి చూస్తే గీత ఇంకాస్త పొడుగవుతుంది. పురుగున్నది ఆకు మీద కాదు మరి, లోపల. పై పొరకీ కింది పొరకీ మధ్య పచ్చదనం తింటూ దారి చేసుకుపోతుంటుంది.

ఇలా బతికేవాటిలో ఈగలున్నాయి, చిమ్మటలున్నాయి, పెంకు పురుగులున్నాయి. టమాటా మీద గీతలు గీసేది సాధారణంగా ఓ బుల్లి ఈగ పిల్ల. రైతులు దాన్ని ‘పాము పొడ’ అంటారు. అమెరికా ఖండంలో పుట్టిన ఈ ఈగ 1990ల మొదట్లో మన దేశంలో బయటపడింది.

ఎవరిదో తేల్చుకోవాలంటే ఆకును వెలుతురుకెత్తి చూడాలి. లోపలి పురుగుకు తల, కాళ్లు కనబడకపోతే ఈగ పిల్ల. గట్టి తల ఉంటే ఈగది కాదు, పెంకు పురుగుదో చిమ్మటదో.

పెంకు పురుగుల్లో మన రైతుకు బాగా తెలిసింది వరి హిస్పా. వాడుకలో తాటాకు తెగులు. ఈ పేరుతోనే వచ్చింది తంటా. తెగులంటున్నారు కదాని తెగుళ్ల మందు కొట్టేవాళ్లున్నారు. ఇది రోగం కాదు, పురుగే. ఫ్రెంచి శాస్త్రవేత్త ఒలివియె 1808లోనే దీన్ని వర్ణించాడు. పొడవు 5 మిల్లీమీటర్లు. నీలం కలిసిన నలుపు, ఒళ్లంతా ముళ్లు. వరి గింజంత ముళ్లపంది అనుకోవచ్చు!

ఆడ పురుగు ఆకు కొసకు దగ్గరగా, పొర కిందికి ఒక్కొక్క గుడ్డే దూరుస్తుంది. నాలుగైదు రోజులకు పొదిగి లేత పసుపు రంగు పిల్ల బయటికొస్తుంది. బయటికంటే ఆకు బయటికి కాదు, గుడ్డు బయటికి. చదునైన ఒళ్లు, సందులో ఇమడటానికే అన్నట్టు. వారం పది రోజులు అక్కడే మేస్తుంది. ఆకు మీద తెల్లటి పొక్కులు తేలతాయి. కోశ దశ కూడా ఆ పొక్కులోనే. మరో నాలుగైదు రోజులకు ముళ్ల పురుగై పొర చీల్చుకొస్తుంది. అప్పుడిక ఆకు పైభాగాన్ని గీకి తింటుంది. ఈనెల వెంట తిన్నగా సాగే తెల్ల చారలు దాని సంతకం. ఉధృతమైతే మడి మొత్తం ఎండి కాలినట్టు కనిపిస్తుంది.

నల్గొండ వైపు నుంచి బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగే రైతు జేబులో ఒక్కోసారి ఇలాంటి ఆకే ఉంటుంది, మందుల దుకాణంలో చూపించడానికి. ఆ ఆకును ఒకసారి చీల్చి చూస్తే డబ్బు మిగులుతుంది. పొక్కు ఖాళీగా ఉంటే పిల్ల దశ అయిపోయినట్టే. దుబ్బుకు రెండు పెంకు పురుగులో, దెబ్బతిన్న ఆకులు రెండో కనిపిస్తేనే మందు సంగతి ఆలోచించాలి. యూరియా ఎక్కువేసిన మళ్లలో ఇది మరీ చెలరేగుతుంది. అన్నిటికంటే చవకైన ఉపాయం పాతదే: నాటేముందు నారు కొసలు తుంచేయడం. గుడ్లుండేది అక్కడే కదా. తుంచిన కొసలు గట్టు మీద పారేయకుండా నాశనం చేయాలి.

డాబా మీది టమాటాకూ దాదాపు అదే వైద్యం. కాకపోతే ఈగ పిల్ల ఎదిగాక ఆకు చీల్చుకుని మట్టిలోకి రాలిపోతుంది. గీత సన్నగా ఉన్నప్పుడే ఆ ఆకు తెంపి కవర్లో మూతికట్టి పడేయాలి.