లైట్లు వెలిగితే సరిపోతుందా?
సీసీ కెమెరా బిగించే కుర్రాడు టెస్టర్‌కు కేబుల్ తగిలించి, ఎనిమిది లైట్లూ వరసగా వెలగ్గానే "అయిపోయింది సార్" అంటాడు. తేలిందల్లా తీగల వరస తప్పలేదని, అంతే. ఆ కేబుల్ డేటాతో పాటు కరెంటునూ మోయాలి కదా! 2003 నాటి పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) ప్రమాణం ప్రకారం నెట్‌వర్క్ స్విచ్ 15.4 వాట్లు పంపితే, 100 మీటర్ల అవతల కెమెరాకు దక్కేది 12.95 వాట్లు, మిగతాది దారిలోనే వేడైపోతుంది. అదీ అసలు రాగి తీగయితే. అల్యూమినియం మీద రాగి పూత పూసిన చవక కేబుల్లో నష్టం ఇంకా ఎక్కువ. పగలంతా బాగానే ఉన్న కెమెరా, చీకటిపడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే ఆగి ఆగి మొదలవుతోందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. ఉత్త మల్టీమీటర్ పెడితే ఏమీ తెలియదు: ప్రమాణం పాటించే స్విచ్, అవతలి పరికరంలో 25 కిలో ఓముల నిరోధం పసిగడితే గానీ పూర్తి వోల్టేజీ వదలదు. (అడక్కుండానే 24 వోల్టులు తోసేసే చవక ఇంజెక్టర్ల సంగతి వేరు, వాటికి ఏం తగిలించినా మన ఖర్మ.) లోడు పెట్టి వోల్టులు, వాట్లు చూపే పీఓఈ టెస్టర్‌తోనే కొలవాలి, అదీ సీలింగ్ మూయకముందే. ఆ అంకెలు బిల్లు వెనక రాసివ్వనివాడికి నేనైతే చివరి వాయిదా చెల్లించను.