పైవాళ్ళ తప్పు కిందివాళ్ళ మెడకు

మన దేవరాపల్లి నుంచి మీ అబ్బాయో అమ్మాయో హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్తున్నారా? అయితే సత్యం కంప్యూటర్స్ సంగతి ఒకసారి చెవిన వేయండి. లేని డబ్బును లెక్కల్లో చూపించామని 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు గారే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు. మరి ఆ దొంగ బిల్లులన్నీ ఆయనొక్కరే రాశారా? 2015లో కోర్టు 7 ఏళ్ళ జైలుశిక్ష వేసిన 10 మందిలో కింది ఉద్యోగులూ ఉన్నారు. అప్పీలు చేసుకుంటే బెయిలు వచ్చింది, నిజమే. పోయిన పరువు వస్తుందా?

పైవాళ్ళు తప్పు చేయమంటే మొదట భయపడి చేస్తారు, తర్వాత అదే అలవాటైపోతుంది. అందుకే "ఆఫీసులో తప్పుడు లెక్క రాయమంటున్నారమ్మా" అని పిల్లలు అంటే, "పెద్దలు చెప్పినట్టు చెయ్యి" అనేయకండి. "ఆ మాటేదో కాగితం మీద రాసిమ్మను. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుందాం. ముందు అన్నం తిను" అనండి.