సముద్ర గర్భంలోని సమాధులను తవ్వొద్దు

ముంబయి నుంచి ఆఫ్రికా తీరానికి ప్రయాణికులతో బయల్దేరిన ఎస్.ఎస్. తిలావా ఓడను 1942 నవంబరు 23న హిందూ మహాసముద్రంలో జపాన్ జలాంతర్గామి టోర్పెడోలతో ముంచేసింది. ఓడలో ఉన్న 950 మందికి పైగా జనంలో అత్యధికులు భారతీయులు. 280 మంది జలసమాధి అయ్యారు. నాణేల తయారీకి దక్షిణాఫ్రికా కొన్న వెండి కూడా అందులోనే ఉంది. 2017లో ఒక బ్రిటిష్ కంపెనీ దాదాపు రెండున్నర కిలోమీటర్ల లోతుకు యంత్రాలు దించి 2,364 వెండి కడ్డీలను గుట్టుగా పైకి తీసి సౌథాంప్టన్ రేవుకు చేర్చింది. తీసినందుకు ప్రతిఫలం కోరుతూ కంపెనీ వేసిన దావా మూడు కోర్టులు తిరిగి, 2024 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టులో దక్షిణాఫ్రికాకు అనుకూలంగా తేలింది. కడ్డీలు వాణిజ్య వాడకంలో ఉన్నట్టా కాదా అన్నదే వాదమంతా. ఆ 280 మంది ప్రస్తావనకు చట్టంలో చోటే లేదు. ఊరి శ్మశానంలో గునపం దించితే కేసు పెట్టే మనం, సముద్రం అడుగున అదే పని జరిగితే వెండి వాటాలు లెక్కేస్తూ కూర్చోవడం సిగ్గుచేటు.

చరిత్రకెక్కిన ఓడలను మళ్లీ కట్టుకుంటామనేవారితో మాకు పేచీ లేదు. ఆస్ట్రేలియా వ్యాపారి క్లైవ్ పామర్ టైటానిక్‌ను పోలిన ఓడ కడతానని 2012 నుంచి పదేపదే ప్రకటిస్తున్నారు. కట్టుకోవచ్చు. విశాఖ ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి సేవ ముగించుకుని ఒడ్డుకు చేరింది. దాని ఇరుకు దారుల్లో ఒంగి నడిచే పిల్లలకు నావికుల బతుకేమిటో అర్థమవుతుంది. ఓడలను చూపాలంటే అదీ పద్ధతి. టైటానిక్ సోదరి నౌక బ్రిటానిక్ సంగతి వేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్పత్రి ఓడగా పనిచేస్తూ 1916లో గ్రీసు తీరంలో మందుపాతర తగిలి మునిగింది. 30 మంది చనిపోయారు. 120 మీటర్ల లోతే కదా, పైకి లేపొచ్చని కలలు కనేవారున్నారు. శతాబ్దం దాటి ఉప్పునీట నానిన ఇనుమును కదిపితే ముక్కలవుతుంది. విరగకుండా లేపగల యంత్రం రేపు వచ్చినా సరే, లేపకూడదు.

జావా సముద్రంలో జరిగింది ఇంకా ఘోరం. 1942 ఫిబ్రవరిలో అక్కడ మునిగిన డచ్ యుద్ధనౌకలు డి రైటర్, జావాలను 2002లో డైవర్లు కనుగొన్నారు. 2016లో మళ్లీ దిగి చూస్తే ఓడల్లేవు. ఓడ ఆకారంలో మట్టిలో పడిన గుంతలే సోనార్‌లో కనిపించాయి. వందలాదిమంది నావికుల అవశేషాలున్న ఉక్కును తుక్కు దొంగలు ఎత్తుకుపోయారు.

నీటి అడుగు వారసత్వంపై 2001 యునెస్కో ఒప్పందం మునిగినదాన్ని ఉన్నచోటే కాపాడటానికి తొలి ప్రాధాన్యమిస్తుంది. వ్యాపారాన్ని నిషేధిస్తుంది. అయితే నీటిలో వందేళ్లు గడిచినవాటికే అది వర్తిస్తుంది. ఆ లెక్కన తిలావాకు 2042 దాకా దిక్కులేదు. పైగా ఆ ఒప్పందంలో భారత్ చేరనే లేదు.

1971 డిసెంబరులో విశాఖ దగ్గర మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీలో తొంభై మందికి పైగా ఉన్నారు. ఒక్కరూ బతకలేదు. దాని శకలాలను గుర్తించినా మన నౌకాదళం తాకకుండా వదిలేసిందని 2024లో వెల్లడైంది. శత్రు నావికులకు దక్కిన ఈ మర్యాద చూసి గర్విస్తున్నాం. 1971 డిసెంబరులోనే దీవు తీరానికి ఆవల మునిగిన మన యుద్ధనౌక ఖుక్రీలో కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో సహా 18 మంది అధికారులు, 176 మంది నావికులు ఉండిపోయారు. వారి జోలికి ఎవరూ పోకూడదని కోరే హక్కు మనకుండాలంటే, మన మర్యాద చట్టంగా మారాలి.

కేంద్రం వెంటనే యునెస్కో ఒప్పందంలో చేరాలి. వందేళ్ల గడువుతో నిమిత్తం లేకుండా ఖుక్రీ, ఘాజీలను యుద్ధ సమాధులుగా ప్రకటించే చట్టం తేవాలి. కారుతున్న చమురును ఆపడానికో, ప్రమాదకరమైన మందుగుండును తొలగించడానికో తప్ప వాటిపై చెయ్యి వేయడం నేరం కావాలి. మన రేవులకు వచ్చే ఓడ తుక్కు ఎక్కడిదో నిగ్గు తేల్చాకే దించుకోనివ్వాలి. సైనిక నౌకలతో ఆగకుండా, తిలావాలాంటి ప్రయాణికుల ఓడలకూ ఇదే రక్షణ కోసం అంతర్జాతీయ వేదికలపై భారత్ పట్టుబట్టాలి.