'నప్పడం' ఎవరి లెక్క?

చిరుగుల జీన్స్, పొట్టి టాపులు అందరికీ నప్పుతాయా అని మన సమావేశాల్లో కూడా అడుగుతున్నారు. అబ్బాయిల చిరుగుల గురించి మాత్రం ఎవరూ అడగరు. 2019లో హైదరాబాద్‌లో ఒక మహిళా కళాశాల కుర్తీలు మోకాళ్ళు దాటాలని నిబంధన పెట్టింది. విద్యార్థినులు ఆందోళన చేశాక వెనక్కి తీసుకుంది. నిబంధన కంటికి కనిపించింది కాబట్టి ఎదిరించగలిగారు. 'నీకు నప్పదు' అనే మాటని ఎక్కడ ఎదిరించాలి? లావుగా, నల్లగా ఉన్న పిల్లలు ఇంట్లో అద్దం ముందే ఆగిపోతున్నారు.

మొన్న మా మేనకోడలితో నేనూ ఆ మాటే అన్నాను - సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసిన అత్తని! తను మారు మాట్లాడకుండా టాపు మార్చుకుని పాత చుడీదార్ వేసుకుంది. ఆ దుకాణంలో తన కొలతకి దొరికింది ఆ టాపు ఒక్కటేనని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది.