లీజు భూముల్లోని చిన్న వ్యాపారుల వినతిపత్రం

జంషెడ్‌పూర్, 2025

గౌరవనీయులైన అధికారి గారికి,

జంషెడ్‌పూర్, ఆదిత్యపూర్‌లలో వర్క్‌షాపులు, దుకాణాలు నడుపుకుంటున్న తెలుగువారి సంఘం తరఫున నమస్కరించి చేసుకునే మనవి. హిందీ ప్రతి జతచేశాం. పూర్వాపరాలు తమకు తెలిసినవే. గుర్తు లేకుంటే మా పాత వినతిపత్రాలు తమ బీరువాలోనే ఉండాలి.

1. అన్నిటికన్నా పాత బాధ, లీజు గడువు. నగర భూమి ప్రభుత్వానిది, లీజు టాటా స్టీలుది, దాని కింద మాది సబ్‌లీజు. పై లీజుకు ఎంత ఆయుష్షో మా కాగితానికీ అంతే. 1956 జనవరి 1 నుంచి లెక్కగట్టిన 40 ఏళ్ల లీజు 1995 డిసెంబర్ 31తో తీరిపోయింది. కొత్త పత్రం మీద సంతకాలు పడింది 2005 ఆగస్టు 20న. నడుమ తొమ్మిదిన్నరేళ్లకు పైగా ఏ ఆధారంతో వ్యాపారం చేశామో మాకే తెలియదు. పోనీ, కొత్త లీజైనా 30 ఏళ్లు దక్కిందా? దాన్ని 1996 జనవరి 1 నుంచే అమలు చేశారు. కాగితంలో 30 ఏళ్లు, చేతికందింది 20 ఏళ్ల 4 నెలలు. అదీ ఈ డిసెంబర్ 31తో సరి.

ఏడేళ్ల కిస్తీల మీద లేత్ మిషను కొనాలని బ్యాంకుకు వెళితే మేనేజరుగారు లాభనష్టాల పట్టీ తెరవరు. "మూల లీజు ఇంకెన్నాళ్లుంది?" అంటారు. నెలలు లెక్కపెట్టి చెప్పి, ఇంటికొస్తున్నాం.

అందుచేత మేం అడిగేవి రెండు. కొత్త పత్రం వచ్చేదాకా పాత సబ్‌లీజులు చెల్లుతాయని రాతపూర్వకంగా చెప్పండి. కొత్త గడువును సంతకం పడిన రోజు నుంచి లెక్కించండి. ఇదే మాట దుర్గాపూజకు ముందు రాసిచ్చాం, టుసు పండుగ తరువాత రాసిచ్చాం, ఎండాకాలంలో మళ్లీ రాసిచ్చాం. అందినట్టు ముద్ర మాత్రం ప్రతిసారీ చక్కగా వేశారు.

2. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ 2001లో ఏర్పడిన సరాయ్‌కేలా-ఖర్‌సావాన్ జిల్లాది. ఇవతల దుకాణం, అవతల షెడ్డు ఉన్నవాడిని రెండు జిల్లాల మధ్య తిప్పకండి.

3. యజమాని చనిపోతే ప్లాటు వారసుల పేరుకు మార్చడానికి గడువు పెట్టండి.

4. ఆదిత్యపూర్ పారిశ్రామిక ప్రాంతంలో ఖాళీ ప్లాట్ల జాబితా, ధర నోటీసు బోర్డు మీద ఉంచండి. దళారికి ముందే తెలిసే సంగతి దరఖాస్తుదారుడికి ఎందుకు తెలియకూడదు?

"చూస్తాం" అన్న మాట చాలాసార్లు విన్నాం. ఈసారి 15 రోజుల్లో సంతకంతో కూడిన జవాబు ఇప్పించాలని, కనీసం మొదటి అంశానికైనా ఇప్పించాలని ప్రార్థిస్తున్నాం.

ఇట్లు,
సంఘ సభ్యులు