పావలా మీది బొమ్మ

మొన్న సంక్రాంతికి మా అక్క కూతురు అమెరికా నుంచి వచ్చింది. పెట్టె తెరిచి అందరికీ చాక్లెట్లు, సెంటు సీసాలు పంచాక, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఓ బొమ్మల పుస్తకం ఇచ్చి, నా చేతిలో ఓ చిల్లర బిళ్ల పెట్టింది.

"ఇది అక్కడి పావలా పిన్నీ! దీని మీద ఎవరున్నారో చూడు" అంది.

డాలరులో నాలుగో వంతు కాబట్టి పావలాయే మరి! వెలుతురులోకి తీసుకెళ్లి చూశాను. చేతిలో టెన్నిస్ రాకెట్‌తో ఒక నల్లజాతి యువతి. పేరు ఆల్థియా గిబ్సన్. అమెరికా ప్రభుత్వం 2022 నుంచి 2025 వరకు ఏడాదికి ఐదుగురు చొప్పున ఇరవై మంది స్త్రీల బొమ్మలతో పావలాలు వేసింది. కవయిత్రి మాయా ఏంజెలోతో మొదలైన ఆ వరసలో ఆఖరి నాణెం ఆల్థియాది. ఆ ఇరవై మందిలోనూ ఆటల వల్ల పేరొచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

ఇక పుస్తకం సంగతి. రేచెల్ ఇగ్నోటోఫ్‌స్కీ అనే అమెరికన్ చిత్రకారిణి 2017లో తెచ్చిన 'విమెన్ ఇన్ స్పోర్ట్స్'. యాభై మంది క్రీడాకారిణుల బొమ్మలు, పక్కనే వాళ్ల కథలు. అది మా అమ్మాయికే ఎందుకిచ్చిందంటే, మాది పరుగు పందాల పిల్ల. స్కూల్లో నాలుగు వందల మీటర్ల పరుగులో బహుమతి తెచ్చుకుంది. కానీ వచ్చే ఏడు పదో తరగతి. "ఇంక ఈ పరుగులు చాలు" అని మావారు దీపావళికే తేల్చేశారు. నేనూ తల ఊపాను. ఆ సంగతి పాపం మా అక్క కూతురికి తెలీదు.

పండగ వెళ్లిన మర్నాడు మా అమ్మాయి ఆ పుస్తకం ముందేసుకుని విల్మా రుడాల్ఫ్ బొమ్మ గీస్తోంది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు గెలిచిన మనిషి. ఒకే ఒలింపిక్స్‌లో అన్ని గెలిచిన మొదటి అమెరికన్ పరుగుల రాణి. ఉన్నట్టుండి పెన్సిల్ ఆపి, "అమ్మా, చిన్నప్పుడు ఈవిడ కాలికి ఇనుప పట్టీ ఉండేదట. అది కూడా వెయ్యనా, వద్దా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేకపోయాను. పప్పు పొయ్యి మీదుందని వంటింట్లోకి వచ్చేశాను. కానీ ఆ ప్రశ్న నా వెనకే వచ్చింది. గెలిచిన వాళ్ల బొమ్మ వేసేటప్పుడు ఏది వెయ్యాలి? ఏది వదిలెయ్యాలి?

ఆటగాళ్ల బొమ్మలంటే అమెరికా వాళ్లకి ఎంత ఇష్టమో! మన ఇళ్లలో దేవుడి క్యాలెండరు ఉన్నట్టు వాళ్ల ఇళ్లలో ఆటగాళ్ల బొమ్మలుంటాయి. పొద్దున్నే పిల్లలు పాలలో కలుపుకుని తినే గోధుమ రేకుల డబ్బా 'వీటీస్' సంగతే చూడండి. 1934లో బేస్‌బాల్ వీరుడు లూ గెహ్రిగ్‌తో ఆ డబ్బా మీద ఆటగాళ్ల బొమ్మలు మొదలయ్యాయి. అదే డబ్బా ముందువైపు ఒక స్త్రీ బొమ్మ రావడానికి ఎప్పటిదాకా పట్టిందో తెలుసా? 1984 దాకా! జిమ్నాస్టిక్స్ అమ్మాయి మేరీ లూ రెటన్ వచ్చేసరికి సరిగ్గా యాభై ఏళ్లు. ఆ డబ్బా కొని, విప్పి, గిన్నెల్లో పోసి పెట్టింది మాత్రం ఆ యాభై ఏళ్లూ ఎక్కువగా తల్లులే అయ్యుంటారు!

డబ్బాలొక్కటే కాదు. లెరాయ్ నీమన్ అనే చిత్రకారుడు కళ్లు జిగేలుమనే రంగులతో బాక్సర్ ముహమ్మద్ అలీని ఎన్నిసార్లు వేశాడో లెక్కలేదు. ఆటల పత్రికల్లో పెద్దది 'స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్'. 2000 నుంచి 2011 వరకు వచ్చిన దాని ముఖచిత్రాలు 716 లెక్కపెడితే, స్త్రీలు కనిపించినవి 35. అంటే నూటికి ఐదు కూడా లేవు. ఆశ్చర్యం ఏమిటంటే 1954 నుంచి 1965 వరకు అదే పత్రికలో నూటికి పన్నెండు దాకా ఉండేవి. కాలం ముందుకు నడిస్తే ఆడవాళ్ల బొమ్మలు పెరుగుతాయని మనం అనుకుంటాం. అక్కడ తగ్గాయి!

అలాగని బొమ్మలకి విలువ లేదని నేననను. కదీర్ నెల్సన్ అనే నల్లజాతి చిత్రకారుడు 2008లో 'వియ్ ఆర్ ద షిప్' అనే పుస్తకం తెచ్చాడు. 1947లో జాకీ రాబిన్సన్ అడుగుపెట్టేదాకా అమెరికా పెద్ద బేస్‌బాల్ లీగుల్లో నల్లవాళ్లకి చోటుండేది కాదు. వాళ్లు విడిగా లీగులు పెట్టుకుని ఆడుకున్నారు. ఎవరూ పట్టించుకోని ఆ ఆటగాళ్లని నెల్సన్ రాజుల్లా నిలబెట్టి రంగుల్లో వేశాడు. ఆ పుస్తకం చదివిన పిల్లలకి ఆ మొహాలు ఇక మర్చిపోవడం కుదరదు. బొమ్మ చేసే మేలు అదే.

అదే నెల్సన్ వేసిన ఆల్థియా బొమ్మతో 2013లో తపాలా బిళ్ల వచ్చింది. అప్పటికి ఆమె పోయి పదేళ్లు. పావలా వచ్చేసరికి ఇరవై రెండేళ్లు. ఆ ఇరవై పావలాల కోసం చేసిన చట్టంలో బతికున్న వాళ్ల బొమ్మ వెయ్యకూడదని నియమం ఉంది. నియమం నియమమే, కాదనను. కానీ ఆల్థియా బతికున్నప్పుడు ఏం జరిగిందో తెలిస్తే ఆ పావలా అరచేతిలో కాస్త బరువుగా అనిపిస్తుంది.

1927లో సౌత్ కరోలినాలో పుట్టి, న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధుల్లో పెరిగిన పిల్ల ఆమె. 1950 దాకా అమెరికా జాతీయ టెన్నిస్ పోటీల్లో నల్లవాళ్లని ఆడనివ్వలేదు. ఆలిస్ మార్బుల్ అనే తెల్లజాతి మాజీ ఛాంపియన్ ఇది మనకి సిగ్గుచేటంటూ ఒక టెన్నిస్ పత్రికలో ఉత్తరం రాశాక తలుపు తెరుచుకుంది. 1955-56లో అమెరికా ప్రభుత్వం స్నేహయాత్ర పేరుతో ఆల్థియాని ఆసియా దేశాలకి పంపింది. అప్పుడు మన దేశానికీ వచ్చి ఆడింది. 1957లో, మళ్లీ 1958లో వింబుల్డన్ గెలిచింది. మొదటిసారి ఎలిజబెత్ రాణి చేతుల మీదుగా బహుమతి అందుకుంది. న్యూయార్క్‌లో ఊరేగించారు. 'టైమ్' పత్రిక అట్ట మీద వేశారు.

మరి డబ్బో? ఒక్క డాలరు లేదు! అప్పట్లో ఆ పోటీల్లో అమెచ్యూర్లకే ప్రవేశం. గెలిస్తే కప్పు ఇస్తారు, చప్పట్లు కొడతారు, అంతే. కప్పుతో అద్దె కట్టలేం కదా! బాస్కెట్‌బాల్ ప్రదర్శనలకి ముందు జనాన్ని అలరించడానికి టెన్నిస్ ఆడింది. తర్వాత గోల్ఫ్ ఆడింది. 1990ల మధ్యలో జబ్బుపడి, మందులకీ అద్దెకీ జరగక, ఇంగ్లండులో ఉన్న తన పాత డబుల్స్ జోడీ ఏంజెలా బక్స్‌టన్‌కి ఫోన్ చేసుకుంది. ఆ స్నేహితురాలు టెన్నిస్ లోకానికి సంగతి చెప్పి డబ్బు పోగుచేసి పంపించింది. 1956లో ఇద్దరూ కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచారు. నలభై ఏళ్ల తర్వాత ఆ జోడీయే ఆదుకుంది.

నాణెం మీద ఏంజెలా లేదు. ఆలిస్ లేదు. ఉండాలనీ అనను, పావలాలో ఎంతమంది పడతారు? కానీ ఒక్క మనిషినే చూపించే బొమ్మ, ఆ మనిషి ఒక్కతే ఎదిగిందన్నట్టు చెబుతుంది. ఆ మాట నమ్మేస్తేనే చిక్కు.

విల్మా సంగతీ అంతే. ఇరవై రెండు మంది పిల్లల ఇంట్లో ఇరవయ్యోది. పోలియో వచ్చి ఎడమ కాలు చచ్చుబడింది. ఊళ్లో నల్లవాళ్లకి సరైన వైద్యం లేదు. ఇళ్లల్లో పనిచేసుకునే తల్లి బ్లాంచ్ ఆ పిల్లని తీసుకుని బస్సులో ఎనభై కిలోమీటర్ల దూరంలోని నాష్‌విల్ ఆస్పత్రికి తిరిగింది. ఇంటి దగ్గర అన్నలు, అక్కలు వంతులవారీగా రోజుకి నాలుగుసార్లు ఆ కాలు మర్దనా చేశారు. పన్నెండేళ్లు వచ్చేసరికి ఇనుప పట్టీ ఊడింది. ఇరవయ్యో ఏట రోమ్! గెలిచి వచ్చాక సొంతూరు క్లార్క్స్‌విల్‌లో ఊరేగింపు చేస్తామంటే, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి ఉంటేనే వస్తానంది. ఆ ఊళ్లో అలాంటి వేడుక అదే మొదటిదట.

'పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు' అని ఇలాంటి బొమ్మల కింద రాస్తుంటారు. అది అబద్ధం కాదు. కానీ సగం నిజం. పట్టుదల విల్మాది. బస్సు చార్జీ తల్లిది. మిగతా సగం ఎవరు పెట్టాలి అన్న ప్రశ్నకి జవాబు ఆ పావలాల్లోనే మరోదాని మీద దొరికింది నాకు.

2024లో వచ్చిన ఆ పావలా మీద ప్యాట్సీ మింక్ ఉంది. చేతిలో రాకెట్ లేదు, చట్టం కాగితం ఉంది. ఆల్థియా పుట్టిన 1927లోనే హవాయి దీవుల్లో, జపాన్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టింది. డాక్టరు కావాలని దరఖాస్తులు పెడితే ఒక్క మెడికల్ కాలేజీ కూడా సీటివ్వలేదు. లా చదివి, ప్రతినిధుల సభకి ఎన్నికై, 1972లో వచ్చిన 'టైటిల్ నైన్' చట్టం వెనక నిలబడింది. ప్రభుత్వం డబ్బు తీసుకునే ఏ బడీ, ఏ కాలేజీ ఆడపిల్లలకి అవకాశం కాదనకూడదన్నది దాని సారం. ఆ చట్టానికి ముందు అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు మూడు లక్షలు కూడా లేరు. ఇప్పుడు ముప్ఫై లక్షలు దాటారు. వీళ్లందరికీ పట్టుదల 1972లో హఠాత్తుగా పుట్టుకొచ్చిందా? గ్రౌండు వచ్చింది, కోచ్ వచ్చాడు, బూట్లు వచ్చాయి!

ఇంకా సరిపోయిందనీ కాదు. 2024లో స్టేడియాలు నిండిపోయేంత జనాన్ని రప్పించిన బాస్కెట్‌బాల్ అమ్మాయి కెయిట్లిన్ క్లార్క్‌కి ఆడవాళ్ల లీగులో మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. అదే ఏడాది మగవాళ్ల లీగులో మొదట ఎంపికైన కుర్రాడి జీతం కోటి డాలర్ల పైనే. ప్రకటనల్లో ఆమె బాగానే సంపాదించింది, నిజమే. ఆటకి కట్టిన వెల మాత్రం అది. అందుకే బొమ్మ వేశారు కదా అని మురిసిపోయి ఊరుకోలేం.

నేనూ డిగ్రీ రోజుల్లో టెన్నికాయిట్ ఆడాను. మా కాలేజీ జట్టుకి ఓ కప్పు కూడా వచ్చింది. పెళ్లి ఫోటోలు ఆల్బమ్‌ నిండా ఉన్నాయి గానీ, నేను రింగు విసురుతున్న ఫోటో ఒక్కటీ లేదు. ఎవరూ ఆపమనలేదు, నిజానికి. సాయంత్రాలు ఎవరూ మిగల్చలేదు, అంతే. అలా కూడా ఆటలు ఆగిపోతాయి. దీపావళి రోజు నేను తల ఊపినట్టు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారితో అన్నాను: "పొద్దున్న ఐదున్నర నుంచి ఆరున్నర దాకా దాన్ని గ్రౌండుకి వెళ్లనివ్వండి. నేనే తీసుకెళ్లి తీసుకొస్తాను. మార్కులు తగ్గితే నన్నడగండి."

ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, "అర్ధ సంవత్సరం పరీక్షల దాకా చూద్దాం" అన్నారు. పూర్తిగా ఒప్పుకున్నట్టు కాదు. కాదన్నట్టూ కాదు. ప్రస్తుతానికి అది చాలు.

మా అమ్మాయి ప్రశ్నకి జవాబు కూడా అప్పుడే చెప్పాను. "ఇనుప పట్టీ వెయ్యవే. పక్కన చోటుంటే వాళ్లమ్మనీ వెయ్యి. బస్సులో కూర్చున్నట్టు" అన్నాను.

వేసింది. తల్లి మొహం అంత బాగా కుదరలేదు. అయినా ఆ బొమ్మ మా ఫ్రిజ్ మీదే ఉంది. పావలా మాత్రం నా పోపులపెట్టెలో ఒక గిన్నెలో దాచాను. పొద్దున్నే కాఫీ కలుపుకునేటప్పుడు కనబడుతుంటే, ఐదున్నరకి బద్ధకించకుండా లేస్తానని!