మన తిండి అంటే ఎవరి తిండి?

పుణె వచ్చిన తెలుగువాడు మొదటి వారంలో చేసే పనులు మూడు. ఇల్లు వెతుక్కోవడం, గ్యాసు కనెక్షను తీసుకోవడం, ఆంధ్రా మెస్ ఎక్కడుందో కనుక్కోవడం. ఈ మూడోది ఒక్కోసారి మొదటిదానికంటే ముందే అయిపోతుంది. నేనూ అంతే లెండి. హింజవడిలో ఆఫీసు, వాకడ్‌లో ఫ్లాటు. సామాన్లు విప్పకముందే టీములో తెలుగువాళ్ళని అడిగి నాలుగు మెస్సుల నంబర్లు ఫోన్లో వేసుకున్నాను.

ఆర్నెల్లు అలాగే గడిచిపోయాయి. శనివారం వస్తే బిర్యానీ తెప్పించుకోవడం, ఆదివారం వస్తే పప్పు, గోంగూర, పెరుగు. ఎవరైనా "పుణె ఎలా ఉంది?" అని అడిగితే "ట్రాఫిక్కు ఎక్కువ, కూరల్లో పంచదార ఎక్కువ" అని చెప్పేవాణ్ణి. నిజానికి ఆ పంచదార కూర నేను తిన్నది ఆఫీసు క్యాంటీన్లోనే. క్యాంటీను చూసి ఊరి మీద తీర్పు చెప్పేశానన్నమాట!

ఇప్పుడు నా అభిప్రాయం వేరు. కొత్త ఊరికి మారిన మొగుడూ పెళ్ళాలు ఆ ఊరివాళ్ళు తినే చోటికి కలిసి వెళ్ళాలి, అదీ పనిగట్టుకుని. రుచి ఒక్కటే దానికి కారణం కాదు.

ఊరు మారింది నా ఉద్యోగం కోసం. నాకు ఇక్కడ ఆఫీసుంది, టీముంది, టీ తాగుతూ మేనేజర్ని తిట్టుకోడానికి నలుగురున్నారు. మా ఆవిడ హైదరాబాదులో స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పేది, అది మానేసి వచ్చింది. ఆమెకి పుణె అంటే అపార్టుమెంటు గేటు, కూరగాయల బండి, డెలివరీ అబ్బాయి. మెస్సు తిండి ఇంటికి తెప్పించుకున్నంతకాలం ఊరు నాది, ఇల్లు ఆమెది. ఇది నాకు తట్టిన సంగతి కాదు. ఆమె చెప్తే తెలిసింది.

ఒక శనివారం "ఈ ఊళ్ళోవాళ్ళు ఏం తింటారో ఒకసారి చూద్దామా?" అంది. సరే అని నారాయణ పేఠ్‌లో మిసల్‌కి పేరున్న ఒక పాత హోటలుకి వెళ్ళాం. తెలియనివాళ్ళకి చెప్తాను. మొలకెత్తిన మటకీ, అంటే మన బొబ్బర్లకి చెల్లెల్లాంటి చిన్న గింజలు, వాటి కూర మీద కారప్పూస మిక్చరు, ఉల్లిపాయ ముక్కలు వేసి, పైన పలచటి రస్సా పోసి, నిమ్మచెక్క పెట్టి ఇస్తారు. చాలాచోట్ల పావ్ ఇస్తారు, పాత పుణెలో కొన్నిచోట్ల బ్రెడ్డు ముక్కలు. నేను రెండు చెంచాలు తిని మొదలెట్టాను... "ఇందులోనూ తీపి! మన దగ్గరైతే ఈ గింజలకి ఇంత అల్లం, ఇంత పచ్చిమిర్చి దట్టించి..."

ఆవిడ చెంచా కింద పెట్టింది. "ఈ ఊరు రావాలనుకున్నది మీరు. నేను ఏమీ అనకుండా తింటున్నాను కదా, మీరెందుకు సణుగుతారు?" అంది. గట్టిగా కూడా అనలేదు. నేను మిగతా ప్లేటు నోరు మూసుకుని తినేశాను. సగం అయ్యేసరికి బానే ఉందనిపించింది, కానీ అప్పుడు చెప్పే ధైర్యం లేదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని రూల్సు పెట్టుకున్నాం.

1. ఒక శనివారం ఎక్కడికెళ్ళాలో ఆమె చెప్తుంది, తర్వాతి వారం నేను. రెండోవాళ్ళు మారుమాట్లాడకూడదు.
2. కూర్చున్నాక ఫోన్లో రేటింగులు చూడకూడదు. పక్క టేబుల్ మీద ఏముందో చూసి అదే అడగాలి.
3. ప్లేటు ఖాళీ అయ్యేదాకా "మన దగ్గరైతే" అనకూడదు. అంటే వంద రూపాయలు డబ్బాలో వెయ్యాలి. (మొదటి నెల డబ్బా నిండింది నా డబ్బుతోనే.)

అలా తిరిగాం. దక్కన్ జింఖానా దగ్గర 1935 నాటి గుడ్‌లక్ కేఫ్ ఉంది, ఆ చౌక్‌ని కూడా గుడ్‌లక్ చౌక్ అనే అంటారు. అక్కడ బన్ మస్కా, ఇరానీ చాయ్ తీసుకుంటే ఆబిడ్స్‌లో కూర్చున్నట్టే ఉంది, ఉస్మానియా బిస్కట్టు ఒక్కటే తక్కువ. ఎండాకాలంలో మామిడిపండు మస్తానీ, అంటే చిక్కటి మిల్క్‌షేకు మీద ఐస్‌క్రీము ముద్ద. కొల్హాపురీ భోజనంలో ఎర్ర రస్సా, తెల్ల రస్సా. ఆ ఎర్రది తిన్న రోజు గుంటూరువాణ్ణయిన నేను నీళ్ళ గ్లాసు మూడుసార్లు నింపుకున్నాను. పంచదార కబుర్లకి అక్కడితో తెర పడింది.

తాలీపీఠ్ వచ్చినప్పుడు మా ఆవిడ దాని మధ్యలో వేలితో పెట్టిన చిల్లు చూసి నవ్వింది. "సర్వపిండి!" అంది. మా ఆవిడది ఆదిలాబాదు. సర్వపిండికి బియ్యప్పిండి, దీనికి వేయించిన రకరకాల ధాన్యాలు పప్పుల పిండి. కానీ నూనె పొయ్యడానికి చిల్లు పెట్టే తెలివి మాత్రం ఒకటే.

నన్ను కదిలించిన రోజు తర్వాత వచ్చింది. ఆమె వంతు శనివారం, పెద్ద బోర్డు కూడా లేని ఒక ఖానావళ్. పక్క టేబుల్ చూసి పిఠ్లం-భాకరీ చెప్పాం. భాకరీ అంటే జొన్నరొట్టె. పిఠ్లం అంటే వెల్లుల్లి, పచ్చిమిర్చి పోపులో శనగపిండి ఉడికించింది. ఆవిడ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా అమ్మమ్మ గిట్లనే చేస్తుండె. మేం పిట్ల అంటం" అంది. పెళ్ళయి ఎనిమిదేళ్ళు. ఆ యాస నేను ఆమె పుట్టింట్లో తప్ప వినలేదు.

"మరి ఇంట్లో ఎప్పుడూ చెయ్యలేదేం?" అన్నాను.

"కొత్తల ఒక్కసారి చేసిన. మీ ఇంట్ల అందరు నవ్విన్రు. యాద్ లేదా?"

నాకు గుర్తులేదు. నవ్వినవాళ్ళకి ఎప్పుడూ గుర్తుండదు కదా.

ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. నాందేడ్, పర్భణీ, బీడ్ వగైరా మరాఠ్వాడా జిల్లాలు, తెలంగాణ జిల్లాలు 1956 దాకా ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. రాష్ట్రాలు విడిపోయాయి గానీ జొన్నరొట్టె విడిపోలేదు. వాళ్ళ పురణ్ పోళీ, తెలంగాణలో పోలెలు. శనగపప్పు ఉడికించి వంచిన నీళ్ళతో వాళ్ళు కటాచీ ఆమటీ చేస్తారు, మనం కట్టుచారు చేస్తాం. నేను ఆర్నెల్లపాటు "మన తిండి దొరకని ఊరు" అని ఏడ్చిన చోట, మా ఆవిడ తిండి వీధి వీధినా ఉంది. మా ఇంట్లో "మన తిండి" అంటే నా తిండి అని నాకు అప్పటిదాకా తెలీదు.

ఇక్కడ మీరు అడగొచ్చు, నాలుక చిన్నప్పుడే తయారవుతుంది, దాన్ని మార్చుకోమనడం అన్యాయం కదా అని. ఒప్పుకుంటాను. జ్వరం వచ్చిన రోజు నాకు చారన్నమే కావాలి, మిసల్ కాదు. ఆంధ్రా మెస్ మానెయ్యమని నేననట్లేదు, నెలకోసారి ఇప్పటికీ వెళ్తాం. చంటిపిల్లలున్నవాళ్ళకి ప్రతి శనివారం తిరగడం కుదరదు, అదీ నిజమే. కానీ ఎప్పుడూ మెస్సుకే వెళ్తే, లేదా ఎప్పుడూ ఇంటికే తెప్పించుకుంటే, ఇద్దరిలో ఒకరికి ఎప్పటికీ ఊరు రాదు. తెలియని చోట, తెలియని భాషలో ఉన్న మెనూ ముందు కూర్చున్నప్పుడు ఇద్దరూ సమానమే. ఎవరికీ ఏమీ తెలీదు. మా ఇద్దరి మధ్య అలాంటి చోటు పెళ్ళయిన కొత్తలో తప్ప మళ్ళీ దొరకలేదు.

ఇంకో లాభం కూడా ఉంది. ఇప్పుడు హోటల్లో "అజూన్ థోడా రస్సా ద్యా" అని అడిగేది మా ఆవిడే, నేను వెనకాల కూర్చుంటాను. పై ఫ్లోరు మరాఠీ పిల్లలిద్దరికి లెక్కలు చెప్తోంది, సగం హిందీ, సగం హోటల్లో నేర్చుకున్న మరాఠీ. గురువారం రాత్రి మా ఇంట్లో పిట్ల, జొన్నరొట్టె. రొట్టె తట్టడం నాకింకా రాలేదు, మధ్యలో విరిగిపోతోంది.

మరి మీ ఇంట్లో "మన తిండి" అంటే ఎవరిది? సమాధానం నాకు చెప్పక్కర్లేదు, ఇంట్లో అడగండి.